ఎడ్జ్‌వుడ్ బడులు: ఓటు సమానం, ఆస్తి అసమానం

అమెరికా నేపథ్యంగా వచ్చే తెలుగు కథల్లో "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇల్లు కొనబోయే దంపతులు ఆ మాట అంటారు. ఊళ్లో ఉన్న తాతగారికి మనవడి చదువు గురించి ఫోనులో చెప్పే తండ్రి కూడా అదే అంటాడు. ఆ డిస్ట్రిక్ట్ ఎలా మంచిదయింది, దాని పక్కది ఎందుకు చెడ్డదయింది అని అడిగిన కథలు నేను చదివినంతలో అరుదు. ఒక ఆస్తి వ్యవస్థ మొత్తం ఒక విశేషణం వెనక దాక్కున్నప్పుడు దాన్ని విప్పి చూపడం సాహిత్య విమర్శ పనుల్లో ఒకటని నేననుకుంటాను. అందుకోసం ఒక చిన్న డిస్ట్రిక్ట్‌ను ఎంచుకున్నాను. టెక్సస్ రాష్ట్రంలో, శాన్ ఆంటోనియో నగరపు పడమటి పేటల్లో ఉన్న ఆ డిస్ట్రిక్ట్ పేరు ఎడ్జ్‌వుడ్. అమెరికా రాజ్యాంగ చరిత్రలో దీనికొక స్థానం ఉంది.

ముందుగా పదాన్ని గురించి. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. అది బడుల కోసం మాత్రమే ఏర్పడిన ఒక స్థానిక ప్రభుత్వం. దాని సరిహద్దు వేరు, ఎన్నికలు వేరు, పన్ను వేరు. నగరపాలక సంస్థకు దానిమీద అధికారం లేదు. టెక్సస్‌లో ఇటువంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్క శాన్ ఆంటోనియో ప్రాంతంలోనే అనేకం. ఒక వీధి దాటితే డిస్ట్రిక్ట్ మారవచ్చు. దానితోపాటు పిల్లవాడి పంతులు, ప్రయోగశాల, గ్రంథాలయం అన్నీ మారతాయి.

పాలన సంగతి చూస్తే పైకి ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏముంటుందనిపిస్తుంది. ఎడ్జ్‌వుడ్‌ను నడిపేది ఆ ప్రాంతపు ఓటర్లు ఎన్నుకునే ఏడుగురు ట్రస్టీల బోర్డు. ఈ పదవికి జీతం లేదు. బోర్డు ఒక సూపరింటెండెంటును నియమిస్తుంది, ఏటా బడ్జెట్ ఆమోదిస్తుంది, పన్ను రేటు నిర్ణయిస్తుంది. సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. కూలివాడైనా లేచి నిలబడి బడ్జెట్‌మీద మాట్లాడవచ్చు. మన దగ్గర ప్రభుత్వ బడి పంతులు జీతం రాజధాని నుంచి వస్తుంది. బడి ఎలా ఉందని ఊరివాళ్లు అడగాలంటే ఎవరిని అడగాలో తెలియని స్థితి. ఆ లెక్కన ఎడ్జ్‌వుడ్ ఏర్పాటు ఆదర్శంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాని ప్రశ్న పాలన దగ్గర ఆగకూడదు. ఆ బోర్డు చేతిలో ఉన్న పెట్టెలో ఎంత పడుతుంది?

మన పాఠకులకు గ్రంథాలయ సెస్సు తెలుసు. ఇంటిపన్నుతోపాటు కట్టే ఆ సొమ్ముతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు చాలావరకు నడవాలి. ఖరీదైన భవనాలున్న పట్టణంలో సెస్సు ఎక్కువ వస్తుంది, పూరిళ్ల తాలూకాలో తక్కువ వస్తుంది. బడి మొత్తాన్ని ఇదే సూత్రంమీద నడిపితే ఏమవుతుందో ఊహించండి. టెక్సస్‌లో చాలాకాలం జరిగింది ఇంచుమించు అదే. రాష్ట్రం ఒక కనీస మొత్తం ఇచ్చేది. ఆ పైన బడి ఎంత బాగుండాలన్నది ఆ డిస్ట్రిక్ట్ గీత లోపల ఉన్న ఇళ్లు, భూములు, వ్యాపారాల విలువ తేల్చేది.

1967-68 సంవత్సరపు లెక్కలు సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్‌లో అప్పుడు సుమారు 22,000 మంది పిల్లలు, 25 బడులు. పిల్లల్లో నూటికి 90 మంది మెక్సికన్ అమెరికన్లు, 6 మందికి పైగా నల్లజాతివారు. పన్ను విధించదగిన ఆస్తి విద్యార్థి తలకు 5,960 డాలర్లు. అదే నగర ప్రాంతంలో, ఎక్కువగా తెల్లవారు నివసించే సంపన్నుల పేట అలమో హైట్స్ మరో డిస్ట్రిక్ట్. అక్కడ విద్యార్థి తలకు ఆస్తి 49,000 డాలర్లకు మించింది. ఎడ్జ్‌వుడ్ తన ఇళ్లమీద ప్రతి 100 డాలర్ల విలువకు 1.05 డాలర్లు పన్ను వేసుకుంది. నగర ప్రాంతంలో అదే అత్యధిక రేటు. రాష్ట్ర పథకానికి తన వాటా కట్టాక ఆ పన్నులో మిగిలింది తలకు 26 డాలర్లు. అలమో హైట్స్ 85 సెంట్లే వేసింది. దానికి మిగిలింది 333 డాలర్లు. రాష్ట్ర, కేంద్ర సహాయాలు కలిపితే ఎడ్జ్‌వుడ్ పిల్లవాడికి 356 డాలర్లు, అలమో హైట్స్ పిల్లవాడికి 594 డాలర్లు.

ఈ అంకెలను నిదానంగా చదవాలని కోరుతున్నాను. పేదలు తమ పిల్లల చదువుమీద శ్రద్ధ పెట్టరన్న మాట ఏ దేశంలోనైనా వినవచ్చు. ఇక్కడ పేదలే ఎక్కువ రేటున పన్ను కట్టారు. తక్కువ పొందారు.

ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. శాన్ ఆంటోనియోలో కొత్తగా వెలిసిన కాలనీల దస్తావేజుల్లో, ఈ ఇల్లు మెక్సికన్లకు, నల్లవారికి అమ్మరాదని షరతులు రాసుకునేవారు. అటువంటి షరతులను కోర్టులు అమలుపరచరాదని సుప్రీంకోర్టు 1948లో చెప్పేనాటికే నగరపు ఆకృతి ఏర్పడిపోయింది. జాతి వివక్ష దస్తావేజులోంచి తొలగినా, ఇంటి ధరలో మిగిలిపోయింది. ఇంటి ధర పన్నులోకి, పన్ను బడిలోకి ప్రవేశించాయి.

బడి పనితీరు ఎలా ఉండేదో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఎడ్జ్‌వుడ్ పంతుళ్లలో దాదాపు సగం మంది పూర్తి అర్హత లేకుండా అత్యవసర అనుమతి పత్రాలమీద పనిచేసేవారు. అలమో హైట్స్‌లో అటువంటివారు పదిమందిలో ఒకరు. విద్యార్థులకు దారి చూపే సలహాదారు అక్కడ ఆరువందల పైచిలుకు మందికి ఒకరుంటే, ఇక్కడ మూడువేల మందికి ఒకరు. 1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు విడిచి సూపరింటెండెంటు కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్లారు. వాళ్లు అడిగింది అర్హతగల ఉపాధ్యాయుల్ని, బాగుచేసిన భవనాల్ని. తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడ్డారు. తప్పు స్థానిక అధికారులదేనని మొదట వాళ్లూ అనుకున్నారు. ఆర్థర్ గాచ్‌మన్ అనే న్యాయవాది దగ్గరకు వెళ్లినప్పుడు, సమస్య రాష్ట్రం నిధులు సమకూర్చే పద్ధతిలోనే ఉందని ఆయన వివరించాడు. వ్యక్తుల మీది కోపం వ్యవస్థమీద అవగాహనగా మారిన ఆ ఘట్టం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఆ వేసవిలోనే దావా పడింది. వాదుల్లో మొదటి పేరు డెమెట్రియో రోడ్రిగెజ్. ఆయన మాజీ సైనికుడు, కెల్లీ వైమానిక స్థావరంలో రేకు పని చేసే కార్మికుడు.

1971 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ కోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టివేసింది. అధిక సంఖ్యాకుల తీర్పు రాసిన లూయిస్ పావెల్ పూర్వం రిచ్‌మండ్ నగర స్కూల్ బోర్డుకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. ఫెడరల్ రాజ్యాంగం విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించలేదని, బడులమీద స్థానికుల అదుపును కాపాడడం ఈ పద్ధతికి తగినంత సమర్థన అని ఆ తీర్పు సారాంశం.

"స్థానికుల అదుపు" అన్న మాటను ఇక్కడ పట్టుకోవాలి. ఒకప్పుడు వేర్పాటు బడులమీద చారిత్రాత్మక కేసును న్యాయవాదిగా వాదించి గెలిచిన థర్‌గుడ్ మార్షల్, ఇప్పుడు న్యాయమూర్తిగా భిన్నాభిప్రాయం రాస్తూ ఆ మాటలోని డొల్లతనాన్ని అంకెలతోనే చూపాడు. ఆ ప్రాంతంలో అత్యధిక రాబడితో సమానం కావాలంటే అలమో హైట్స్ 100 డాలర్లకు 68 సెంట్లు వేస్తే చాలు. ఎడ్జ్‌వుడ్ 5.76 డాలర్లు వేయాలి. చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 1.50 డాలర్లు. అంటే ఎడ్జ్‌వుడ్ ఓటర్లు ఏకగ్రీవంగా తీర్మానించినా అంత పన్ను వేసుకునే హక్కు వాళ్లకు లేదు. అదుపు ఉన్నది ఎవరికి? ఖర్చుపెట్టడానికి ఏమీ లేని బోర్డులో ఏడు కుర్చీలకు ఎన్నికలు జరపడాన్ని స్వపరిపాలన అంటే, ఆ పదానికి అర్థం మిగలదు.

పోరాటం అక్కడితో ముగియలేదు. ఫెడరల్ రాజ్యాంగం దారి మూసుకుపోయింది గనుక రాష్ట్ర రాజ్యాంగాన్ని ఆశ్రయించారు. 1984లో ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టే మరికొన్నింటితో కలిసి దావా వేసింది. 1989 అక్టోబరు 2న టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ నిధుల పద్ధతి చెల్లదన్నారు. అప్పటికి రాష్ట్రంలో అత్యంత సంపన్న డిస్ట్రిక్ట్‌కూ అత్యంత పేద డిస్ట్రిక్ట్‌కూ తలసరి ఆస్తిలో తేడా 700 రెట్లు. శాసనసభ చేసిన చట్టాలు మళ్లీ మళ్లీ కోర్టులో వీగిపోయాక 1993లో కొత్త చట్టం వచ్చింది. సంపన్న డిస్ట్రిక్టులు పరిమితికి మించిన రాబడిలో కొంత వదులుకోవాలి. ధనికుల్ని దోచి పేదలకు పంచిన రాబిన్ హుడ్ పేరును దానికి తగిలించి ఎగతాళి చేశారు. కట్టిన పన్ను మీద ఎవరి హక్కు ఎంతన్న ప్రశ్నను ఆ పేరు ముందే తేల్చేసింది చూడండి. పంపిణీ అనవలసిన చోట దోపిడీ అన్నారు. భాష ఎవరి పక్షాన పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ మార్పు మేలు చేసింది, సందేహం లేదు. ఒకనాటి అలమో హైట్స్ నేడు ఈ పద్ధతి కింద రాబడి వదులుకునే డిస్ట్రిక్టుల్లో ఒకటి. రోజువారీ ఖర్చుల్లో పాత అగాధం చాలావరకు పూడింది. అయినా మూడు సంగతులు గమనించాలి. ఒకటి, భవనాల కోసం చేసే అప్పును తీర్చే పన్ను వేరుగా ఉంటుంది, అది ఈ పంపిణీలోకి రాదు. రాష్ట్రం ఇచ్చే కొద్ది సహాయాన్ని పక్కన పెడితే, గది కట్టుకోవడం దగ్గర ఇంకా పాత లెక్కే. రెండు, రాష్ట్రం డబ్బిచ్చేది పేరు నమోదైన పిల్లల్నిబట్టి కాదు, సగటున రోజూ హాజరైన వారినిబట్టి. అద్దె కట్టలేక ఇల్లు మారే కుటుంబాలు, జబ్బు పిల్లలు ఎక్కువగా ఉన్నచోట గదీ పంతులూ ఖర్చు తగ్గదు, నిధులు తగ్గుతాయి. మూడు, విద్యార్థికిచ్చే ప్రాథమిక కేటాయింపు 2019లో 6,160 డాలర్లుగా నిర్ణయమై, ధరలు అంతగా పెరిగినా 2025 దాకా కదలలేదు. అప్పుడు పెంచింది 55 డాలర్లు. పంతుళ్ల జీతాలకు విడిగా నిధులిచ్చినా, ఆ మూల సంఖ్య అంతే.

ఇక పనితీరును కొలిచే పద్ధతి. రాష్ట్రం ఏటా జరిపే పరీక్షల ఫలితాలు ప్రధానంగా చూసి, ప్రతి బడికీ డిస్ట్రిక్ట్‌కూ ఒక అక్షరం గ్రేడు ఇస్తుంది. ఏ అంటే ఉత్తమం, ఎఫ్ అంటే విఫలం. పేదరికం ఎంతవుందో కొంత లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఉన్నా, ఇళ్ల ప్రకటనల్లోకి ఎక్కేది అక్షరమే. మంచి అక్షరం ఇంటి ధర పెంచుతుంది. పెరిగిన ధర పేదవాణ్ణి గీత అవతలికి నెడుతుంది. డాలస్ శివార్లలో ఇల్లు వెతికే మన తెలుగు కుటుంబాలు కూడా ఈ చక్రంలో ఒక ఆకు. వాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు. ఏ తల్లి అయినా తన బిడ్డకు మంచి బడే కోరుతుంది. ఆ కోరికను ధరగా మార్చే యంత్రం గురించే నేను చెబుతున్నది.

ఎడ్జ్‌వుడ్‌లో పిల్లలు నేడు పదివేల లోపే. 1998లో ప్రైవేటు దాతలు పదేళ్లకు 5 కోట్ల డాలర్లు ప్రకటించి, ఈ డిస్ట్రిక్ట్ పిల్లలకు ప్రైవేటు బడికి పోయే వౌచర్లిచ్చారు. పిల్లవాడు వెళ్లిపోతే వాడి వంతు రాష్ట్ర నిధీ పోతుంది. ఆనాడు ప్రయోగమన్నది 2025లో 100 కోట్ల డాలర్లతో రాష్ట్ర చట్టమైంది. 2016లో బోర్డు చీలిపోయి ఒక ఖాళీ స్థానాన్ని భర్తీ చేసుకోలేకపోతే, రాష్ట్రం ఎన్నికైన ట్రస్టీలను పక్కనపెట్టి తన నియామకులను కూర్చోబెట్టింది. కొన్నేళ్లకుగాని ఎన్నికైనవారి చేతికి అధికారం తిరిగి రాలేదు. 1973లో డబ్బు సమానంగా పంచమంటే పవిత్రమైపోయిన స్థానికుల అదుపు, 2016లో ఎంత సులభంగా పక్కకు తప్పుకుందో చూడండి.

మన దగ్గర ఈ గీత పటంమీద ఉండదు. ఫీజు రసీదుమీద ఉంటుంది. అక్కడి వ్యవస్థను ఇక్కడికి అతికించమని నేను అనడం లేదు. బడిని వస్తువుగా తీసుకునే రచయిత పంతులు మంచితనం, పిల్లవాడి తెలివి, తల్లి త్యాగం దగ్గరే ఆగిపోకుండా, ఆ గది పైకప్పుకు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు తీర్మానించారు అని కూడా అడగాలంటున్నాను. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు అడిగింది ఆ ప్రశ్నే. వాళ్లలో చాలామందికి పెద్ద చదువులు లేవు. అయినా ఒక బడ్జెట్‌ను చివరి గడి దాకా చదివి, దేశపు అత్యున్నత న్యాయస్థానం చేత సమాధానం చెప్పించారు. ఆ సమాధానం తప్పని రుజువు చేయడానికి ఇంకో పదహారేళ్లు ఓపిక పట్టారు. అటువంటి ఓపికను పాత్రగా మలచగలిగిన కథ మనకింకా రావలసి ఉంది.