మూడు గెంతుల లెక్క: తొమ్మిదో తరగతి డిజిటల్ ప్రాజెక్టు గురించి



తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ టర్మ్ ఇంగ్లిష్ ప్రాజెక్టు ఇది: పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధనాత్మక కథనాన్ని ఎంచుకుని, కంప్యూటర్ మీద జనం చివరిదాకా చదివేలా తయారు చేయాలి. "యానిమేషన్లు ఎన్ని పెట్టాలి మేడమ్?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. క్లాసులో చెప్పిన ఉదాహరణే మీకూ చెబుతాను.

అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ మామూలు జనం ఫోన్, ఇంటర్నెట్ వివరాలు ఎలా సేకరిస్తోందో 2013లో బ్రిటన్ పత్రిక 'ది గార్డియన్' బయటపెట్టింది. ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాలే ఆధారం. నెలల తరబడి వార్తలు వచ్చాయి. కానీ "నేనేం తప్పు చేయలేదు, నాకేంటి?" అనుకునే పాఠకుడికి అవి ఎలా తగులుతాయి? ఆ నవంబరులో పత్రిక 'ఎన్‌ఎస్‌ఏ ఫైల్స్: డీకోడెడ్' పేరుతో విషయమంతా ఒకే పేజీలో పెట్టింది.

అందులో నాకు బాగా నచ్చింది ఒక చిన్న లెక్క. అనుమానితుడి నుంచి మూడు 'గెంతుల' దాకా వివరాలు చూడొచ్చన్నది అప్పటి పద్ధతి. అంటే అతనితో సంబంధం ఉన్నవారు, వాళ్లతో ఉన్నవారు, మళ్లీ వాళ్లతో ఉన్నవారు. చదివితే చిన్న విషయంలాగే ఉంటుంది. పేజీలో మాత్రం మీ ఫేస్‌బుక్ మిత్రులెందరో చెబితే, మూడో గెంతుకు ఎంతమంది అవుతారో కనిపిస్తుంది. మీరూ కాగితం మీద వేసి చూడండి. ఒక్కొక్కరికి 100 మంది అనుకుంటే రెండో గెంతుకు 10,000, మూడో గెంతుకు 10 లక్షలు! ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు వస్తే కొంత తగ్గుతుంది, అంతే. అంతమందిలో మన పేరు లేదని ఎలా అనుకుంటాం?

చదువుతూ కిందికి జరిపితే విషయం తెలిసినవారు వీడియోలో మాట్లాడతారు. అసలు పత్రాలూ అక్కడే తెరిచి చూడొచ్చు. పరిశోధన కథనానికి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే నమ్మమని అడిగేవాళ్లు ఆధారం చూపించాలి.

అందుకే యానిమేషన్‌కు విడిగా మార్కులు పెట్టలేదు. "ఈ బొమ్మ తీసేస్తే చదివేవాళ్లకు ఏం అర్థం కాదు?" అని పిల్లలను అడుగుతాం. ఇంట్లో మీరూ అడగండి. నెట్ సెంటర్‌లో డబ్బిచ్చి చేయించిన స్లైడ్లు మెరుస్తాయి గానీ, ఈ ప్రశ్న దగ్గర పిల్లలు తడబడతారు. అది చూడటం మాకూ ఇష్టం ఉండదు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కంగారు వద్దు. ముందు కాగితం మీద గీసి తెమ్మనండి, మిగతాది ల్యాబ్‌లో చేయిస్తాం.