మీ పాఠాన్ని పంచుకునే ముందు: సార్వత్రిక లైసెన్సుల పరిచయం

మీరు ఎనిమిదో తరగతికి ఒక అభ్యాస పత్రం తయారుచేశారనుకుందాం. ప్రశ్నలు మీవి, పటం ఇంటర్నెట్ నుంచి తీసుకున్నది, చివరి పేరా ఏదో గైడులోది. తరగతి గదిలో వాడుకున్నంత వరకు చిక్కేమీ లేదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఒక రచనకు ప్రతి తీసుకోవడాన్ని 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షను ఉల్లంఘనగా పరిగణించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని జెరాక్స్ దుకాణంపై విదేశీ ప్రచురణకర్తలు వేసిన దావాలో, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే అన్వయించింది.

అదే పత్రాన్ని జిల్లా ఉపాధ్యాయులందరికీ అందేలా ఇంటర్నెట్‌లో పెడితే సంగతి వేరు. అది బోధన దాటి ప్రచురణ అవుతుంది. అప్పుడు ఆ పటం ఎవరిది, ఆ పేరా ఎవరిది అన్న ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండాలి.

"కింద కాపీరైట్ గుర్తు లేదు, కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు" అన్న మాట ఉపాధ్యాయుల గదుల్లో తరచుగా వినిపిస్తుంది. అది నిజం కాదు. రచన పుట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర లేదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అది నిలుస్తుంది. గిడుగు రామమూర్తి గారు 1940లో మరణించారు కనుక ఆయన జీవితకాలంలో ప్రచురితమైన రచనలు ఇప్పుడు అందరివీ. (కొత్త ముద్రణకు ఇప్పటి సంపాదకుడు రాసిన పీఠిక మాత్రం ఆ సంపాదకుడిదే.) శ్రీశ్రీ మరణం 1983లో. ఆయన కవితను పూర్తిగా మీ పుస్తకంలో ముద్రించాలంటే 2043 చివరి వరకు అనుమతి కావాలి.

ఇలా ప్రతిదానికీ ఉత్తరాలు రాసి అనుమతి తెచ్చుకోవడం ఒక ఉపాధ్యాయుడి వల్ల అయ్యే పని కాదు. రచయితే ముందుగా "ఈ షరతులపై ఎవరైనా వాడుకోవచ్చు" అని రాసి పెడితే ఆ బెడద ఉండదు. సార్వత్రిక లైసెన్సు అంటే ఇదే. 2001లో అమెరికాలో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తన తొలి లైసెన్సులను విడుదల చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఆరు. వాటిలో కనిపించే షరతులు నాలుగే. రచయిత పేరు చెప్పడం (బై) అన్నింటిలోనూ ఉంటుంది. మార్చి పంచినప్పుడు అదే లైసెన్సు ఇవ్వాలనేది ఎస్ఏ. వ్యాపారానికి వాడరాదనేది ఎన్‌సీ. మార్చినదాన్ని పంచరాదనేది ఎన్‌డీ.

చివరి రెండింటి దగ్గర కాస్త ఆగండి. అనువాదం కూడా మార్పే. కాబట్టి ఎన్‌డీ ఉన్న ఇంగ్లిషు పాఠాన్ని మీరు తెలుగు చేసి పంచలేరు. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పేవారికి ఇది చిన్న అడ్డంకి కాదు. ఇక ఎన్‌సీ. మన పాఠాన్ని ఎవరో అచ్చువేసి అమ్ముకుంటారన్న భయంతో చాలామంది దీన్ని ఎంచుకుంటారు. ఆ భయం సహజమే. కానీ ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ పాఠాలకు బై-ఎన్‌సీ-ఎస్ఏ ఉంది, తెలుగు వికీపీడియా వ్యాసాలకు బై-ఎస్ఏ ఉంది. రెండింటినీ కలిపి ఒకే కొత్త పాఠంగా తిరగరాసి పంచడం కుదరదు, ఎందుకంటే ఆ కొత్త పాఠానికి తన లైసెన్సే ఉండాలని రెండూ పట్టుబడతాయి. మార్చకుండా పక్కపక్కన చేర్చుకోవచ్చు, అంతే. నా మట్టుకు నేను బోధన సామగ్రికి బై గాని, బై-ఎస్ఏ గాని చాలంటాను. అమ్ముకునేవాడు కూడా మీ పేరు వేయవలసిందే. ఉచిత ప్రతి ఎక్కడ ఉందో పాఠకుడికి అక్కడే తెలుస్తుంది.

ఎన్‌సీ ఉన్న పాఠానికి జెరాక్స్ దుకాణంలో డబ్బిచ్చి ప్రతులు తీయించుకోవచ్చా? ఇటువంటి వివాదంలోనే అమెరికా అప్పీళ్ల కోర్టు ఒకటి 2018లో జెరాక్స్ దుకాణం పక్షాన తీర్పు చెప్పింది. ఆ వాడుక బడిది, దుకాణానిది కాదని దాని తర్కం.

లైసెన్సు ఇచ్చే ముందు ఆ హక్కు మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమాని. కళాశాల కోసం మీరు రాసిన పాఠానికి కళాశాల సమ్మతి అవసరం కావచ్చు, దాన్ని లిఖితపూర్వకంగా తీసుకోండి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కూడా.

ఇతరుల వనరును వాడినప్పుడు దాని పేరు, రచయిత, దొరికిన చోటు, లైసెన్సు, మీరు చేసిన మార్పు ఆ పటం కిందనే ఒక వరుసలో రాయండి. పుస్తకం చివర గుంపుగా రాస్తే, ఆ ఒక్క పేజీని జెరాక్స్ తీసుకున్నవారికి అది చేరదు.