పరదేశంలో పప్పన్నం

రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. ఇక్కడి మాగాణులలో వరి కోసిన తరువాత మినుము, పెసర పండుతాయి. సమీపంలోని దుగ్గిరాల పసుపునకు, గుంటూరు మిరపకు ప్రసిద్ధి చెందినవి. నిజాంపట్నం రేవు చేపలను, రొయ్యలను అందిస్తుంది. ఈ నేలపై పుట్టినవారి విస్తరిలోకి పప్పు, గోంగూర పచ్చడి, పులుసు, చారు, పెరుగు ఎంత సహజంగా వచ్చి చేరుతాయంటే, వాటన్నింటికీ కలిపి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టవలసిన అవసరం ఎవరికీ కలుగదు. ఊరిలో ఉన్నంతకాలం అది కేవలం 'భోజనం'. ఊరు దాటిన తరువాతనే అది 'ఆంధ్ర భోజనం' అవుతుంది. అప్పటినుండే దానికొరకు వెదకులాట మొదలవుతుంది.

ఊరు దాటినవాడు మంచి భోజనం కొరకు వెదకుకొనడం క్రొత్త విషయమేమీ కాదు. పూర్వం తెలుగునాట బాటసారులకు పూటకూళ్ళ ఇండ్లు ఆధారంగా ఉండేవి. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన 'క్రీడాభిరామము'లో గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు నగరాన్ని తిరిగి చూస్తారు. అక్కడ ఒక్క రూకకు భోజనం పెట్టే పూటకూటి ఇంటి ప్రస్తావన వస్తుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, క్రొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు ఆ భోజనంలోని పదార్థాలు. ఓరుగల్లు చేరిన బాటసారికి ఊరు మారినా భాష మారలేదు, బియ్యమూ మారలేదు. సముద్రం దాటినవారికి ఆ రెండూ మారిపోతాయి.

తెలుగువారి వలసలకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. 19వ శతాబ్దంలో మారిషస్, బర్మా, మలయా దేశాలకు కూలీలుగా అనేకులు తరలివెళ్ళారు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సవరించిన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు ఆ దేశానికి చేరసాగారు. 1990ల నుండి కంప్యూటరు రంగం మరెందరినో తీసుకొనిపోయింది. 2000 సంవత్సరం ప్రాంతంలో జపాను రాజధాని టోక్యోకు వెళ్ళిన భారతీయ ఇంజనీర్లు అక్కడి నిషికసాయి అనే పేటలో ఎక్కువగా స్థిరపడ్డారు. వీరిలో ప్రతివారికీ ఎదురైన అనుభవం ఒక్కటే. వీధిలో 'ఇండియన్' అనే బోర్డు కనబడుతుంది. ఆశతో లోపలికి వెళితే నాన్ రొట్టె, బటర్ చికెన్, పాలక్ పనీరు ఎదురవుతాయి. అవి మంచి వంటలే కావచ్చు. కాని వాటిలో పప్పన్నం లేదు, చారు లేదు.

దీనికి కారణం వంటవారి అజ్ఞానం కాదు. భోజనశాల వ్యాపారంతో ముడిపడిన సంస్థ. దాని పదార్థాల పట్టికను నిర్ణయించేది వండేవాని జన్మస్థలం కాదు, తినేవారిలో అధికసంఖ్యాకుల అలవాటు. బ్రిటన్‌లో 'ఇండియన్' పేరుతో 20వ శతాబ్దంలో వెలసిన భోజనశాలలలో చాలావాటిని నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంవారు నెలకొల్పారు. వారు తమ ఇంట తినే చేపల కూరను అమ్మలేదు. ఆంగ్లేయులు కోరిన వంటలను వండిపెట్టారు. అట్లా ప్రచారం పొందిన చికెన్ టిక్కా మసాలాను 2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకంగా అభివర్ణించాడు. జపానులోని 'ఇండియన్' భోజనశాలలు అనేకం నేపాలీయుల యాజమాన్యంలో ఉన్నవి. అక్కడ కూడా నాన్, బటర్ చికెన్‌లదే ప్రథమ స్థానం.

విచిత్రమేమంటే, టోక్యోలో తెలుగువారు పడే ఈ ఇబ్బందినే ఇతర దేశాలలో జపానువారు పడుతుంటారు. అమెరికాలో జపాను పేరు పెట్టుకొన్న భోజనశాలలలో చాలావాటిని చైనా, కొరియా దేశస్థులు నడుపుతారు. వాటిలో విరివిగా అమ్ముడయ్యే 'కాలిఫోర్నియా రోల్' అనే వంటకం ఉత్తర అమెరికాలోనే పుట్టింది. ఈ పరిస్థితిని సరిదిద్దాలని జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖ 2006లో ఒక ఆలోచన చేసింది. విదేశాలలోని జపాను భోజనశాలలను పరీక్షించి, అసలైనవాటికి ధ్రువపత్రం ఇవ్వాలన్నది ఆ ఆలోచన. దానిని విదేశీ పత్రికలు 'సుషీ పోలీసులు' అని ఎగతాళి చేశాయి. విమర్శలు పెరగడంతో ప్రభుత్వం వెనుకకు తగ్గి, తనిఖీకి బదులు ప్రోత్సాహ మార్గాన్ని ఎంచుకొన్నది. 2016లో విదేశీ వంటవారి నైపుణ్యానికి స్వర్ణ, రజత, కాంస్య స్థాయిలలో గుర్తింపునిచ్చే విధానాన్ని ప్రవేశపెట్టింది. అనగా, బోర్డును పరీక్షించడం మాని చేతి పనితనాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. ఈ మార్పులో వివేకం కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని తినుబండారాలకు చట్టపరమైన రక్షణ లభించింది. తిరుపతి లడ్డూ 2009లోను, బందరు లడ్డూ 2017లోను, ఆత్రేయపురం పూతరేకులు 2023లోను భౌగోళిక గుర్తింపును పొందాయి. ఒక ప్రాంతపు పేరును ఇతరులు వాడుకొనకుండా ఈ గుర్తింపు కాపాడుతుంది. అయితే లడ్డూకు లభించే రక్షణ భోజనానికి లభించదు. పప్పులో ఎంత చింతపండు పడాలో, చారు ఎంత పలుచగా ఉండాలో ఏ చట్టమూ చెప్పజాలదు. కాబట్టి పరదేశంలో సొంత వంటను గుర్తించే బాధ్యత తినేవారిదే.

అట్లా గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నవి. మొదటిది అన్నం. తెలుగు భోజనానికి అన్నమే ప్రధానం. తక్కినవన్నీ అన్నంలో కలుపుకొనడానికి ఏర్పడినవి. పొడుగైన బాసుమతి మెతుకు పప్పుతో, పులుసుతో సులభంగా కలువదు. అందువలన అన్నం ఏ బియ్యంతో వండారన్నది తొలి పరీక్ష. రెండవది, ప్రత్యేకంగా వెల కట్టని చిన్న పదార్థాలు. బిరియానీ, కోడి వేపుడు ఎవరైనా శ్రద్ధగా వండుతారు. ఎందుకంటే అవి లాభాన్ని తెస్తాయి. కందిపొడి, నెయ్యి, రోటి పచ్చడి, చారు లాభాన్ని తెచ్చేవి కావు. అయినా వాటిని శ్రద్ధగా చేసే వంటిల్లు అసలైన వంటిల్లు.

మూడవ ఆనవాలు పేర్లు. పప్పును 'దాల్' అని, చారును 'రసం' అని వ్రాసిన పట్టిక పొరుగువారి కొరకు తయారైనది. దోసకాయ పప్పు, గోంగూర పప్పు, ముద్దపప్పు అని విడివిడిగా పేర్కొన్న పట్టిక ఆ భేదాలు తెలిసినవారి కొరకు తయారైనది. నాలుగవది, అక్కడ తినే జనం. పండుగనాడు అందరూ వస్తారు. పనిదినాన మధ్యాహ్నం వంటిరిగా వచ్చి, పట్టిక చూడకుండానే భోజనం చెప్పి, పెరుగన్నం వరకు తిని వెళ్ళేవారున్న చోటు నమ్మదగినది. ఢిల్లీలోని ఆంధ్రా భవన్ క్యాంటీను, బెంగుళూరులో అరటి ఆకుల మీద వడ్డించే ఆంధ్ర భోజనశాలలు అటువంటి నిత్యభోక్తల వలననే నిలబడ్డాయి. ఆ తరువాతనే ఇతర భాషల వారు కూడా వాటిని ఆదరించారు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. 'అసలైన' వంట అనగా ఏది? దాని పదార్థాలన్నీ ఈ నేలవేనా? గుంటూరుకు ప్రపంచఖ్యాతి తెచ్చిన మిరప ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాలలో పుట్టిన ఆ మొక్కను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు భారతదేశానికి తెచ్చారు. అందువలననే క్రీడాభిరామంలోని భోజనంలో మిరప ఉండే అవకాశమే లేదు. అదే శతాబ్దంలో అదే పోర్చుగీసువారు జపానుకు చేరారు. పిండిలో ముంచి నూనెలో వేయించే పద్ధతి వారినుండే జపానువారికి అలవడిందంటారు. అదే నేడు జపాను వంటలకు ప్రతినిధిగా నిలిచిన 'టెంపురా'.

బియ్యం కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొంది, 1986లో విడుదలైన సాంబమసూరి వరి రైతులకు బి.పి.టి. 5204గా సుపరిచితం. తెలుగువారు ఎంతో ఇష్టపడే సన్నబియ్యమిది. దీని జనకులలో ఒకటి మలేషియాలో విడుదలైన 'మసూరి' వరి. అది 1950లలో కటక్ కేంద్రంగా సాగిన అంతర్జాతీయ సంకరణ పథకం ఫలితం. ఆ పథకంలో భారతదేశానికి, ఆగ్నేయాసియాకు చెందిన ఇండికా వరులను జపాను జాతి జపోనికా వరులతో కలిపారు. మసూరికి జన్మనిచ్చిన రెండింటిలో ఒకటి మలయా వరి; రెండవది జపాను పాలనాకాలంలో తైవానులో రూపొందిన 'తైచుంగ్ 65' అనే జపోనికా వరి. విదేశాలలోని కిరాణా దుకాణాలలో తెలుగువారు అడిగి కొనే సోనామసూరి కూడా మసూరి సంతతిదే. అనగా, టోక్యో నగరంలో సొంత ఊరి అన్నం కొరకు తపించే రేపల్లెవాసి విస్తరిలోని మెతుకులో జపాను వరికి కూడా కొంత బంధుత్వం ఉన్నది.

కాబట్టి వంటకు అసలుదనం పదార్థాల పుట్టుక వలన కలుగదు. క్రీడాభిరామం నాటి భోజనాన్ని నేటి రేపల్లె భోజనంతో పోల్చి చూస్తే మిరప చేరింది, బియ్యం మారింది. అన్నం, పప్పు, నెయ్యి, నంజుళ్ళు, చివర పెరుగు మాత్రం అట్లాగే నిలిచి ఉన్నవి. క్రొత్త పదార్థాలను ఆ వరుస తనలో ఇముడ్చుకొన్నది. తాను మాత్రం చెదరలేదు. 2013లో యునెస్కో జపాను ఆహారాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు ఏ ఒక్క వంటకాన్నో గుర్తించలేదు. నూతన సంవత్సర వేడుకలతో ముడిపడిన వారి ఆహార సంప్రదాయాన్ని గుర్తించింది.

ఈ సత్యం తెలిసినవారికి పరదేశం అంత పరాయిగా తోచదు. గోంగూర దొరకని పట్టణంలో బర్మావారి దుకాణం ఉంటే అక్కడ వెదకవచ్చును. వారు అదే ఆకును 'చిన్ బౌంగ్' అనే పేరుతో వండుకొంటారు. మామిడికాయ మెక్సికోలో కాచినదైనా, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె పాళ్ళు తెలిసిన చేతిలో అది ఆవకాయే అవుతుంది. పాళ్ళు తెలియని చేతిలో కొత్తపల్లి కొబ్బరి మామిడి కూడా ఆవకాయ కాజాలదు.

అయితే ఒక వరుస నిలవాలంటే దానిని కోరేవారు ఉండాలి. అడిగేవారు లేని పదార్థం మొదట పట్టిక నుండి, తరువాత వంటవాని చేతి నుండి, చివరకు భాష నుండి తొలగిపోతుంది. విదేశాలలో పుట్టి పెరిగే పిల్లలకు బిరియానీ పేరు తెలుస్తుంది. పులుసుకు, చారుకు గల భేదం ఎవరో ఒకరు వండి పెడితే తప్ప తెలియదు. ఉన్నత విద్యకై, ఉద్యోగానికై ఊరు విడిచే యువతీయువకులు అన్నం వార్చడం, పప్పు ఉడికించడం, చారు కాచడం నేర్చుకొని వెళితే వారికి రెండు ప్రయోజనాలు కలుగుతాయి. భోజనశాల దొరకని చోట తమ ఆకలి తాము తీర్చుకొనగలుగుతారు. దొరికిన చోట అది అసలైనదో కాదో మొదటి ముద్దలోనే తెలుసుకొనగలుగుతారు.