శరత్కాలం - భయానక కథలు

పుస్తకప్రియులందరూ ఒకే తీరున చదవరు. కొందరు చేతిలోని పుస్తకం ముగిసేవరకు మరొకదానిని ముట్టరు. కొందరు నాలుగింటిని ఒక్కసారే తెరచి గదికొకటి చొప్పున ఉంచుకొంటారు. నా అలవాటు ఋతువును బట్టి పుస్తకాన్ని ఎన్నుకోవడం. వేసవి మధ్యాహ్నాలకు యాత్రాగ్రంథాలు, వాన ముసుర్లకు పెద్ద నవలలు. ఆశ్వయుజ కార్తికాలు వచ్చి పగటిపొద్దు తగ్గగానే ఇంగ్లీషు భయానక కథలు. ఈ చివరి అలవాటును మా ఇంటివారు చాలాకాలం హర్షించలేదు. అయినా ఇందులో కొంత సార్థక్యం ఉన్నదని నా నమ్మకం.

మనకు శరత్తు వెన్నెల ఋతువు. మన చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో. ఇంగ్లండులోను, అమెరికా ఉత్తర ప్రాంతాలలోను అట్లు కాదు. అక్కడ సెప్టెంబరు మొదలు నవంబరు వరకు ఆకులు రంగు మారి రాలిపోతవి. పంట ఇల్లు చేరుతుంది. సాయంకాలం త్వరత్వరగా చీకటిలో కలిసిపోతుంది. అక్టోబరు 31వ తేదీ రాత్రి 'హాలోవీన్' అనే పర్వం. నవంబరు 1న క్రైస్తవులు జరుపుకొనే సర్వ పునీతుల పండుగకు అది ముందటి రాత్రి. ఆనాడు మృతుల లోకానికీ మన లోకానికీ నడుమనున్న తెర పలుచబడుతుందని పాత విశ్వాసం. ఐర్లండు, స్కాట్లండుల నుండి వలసపోయినవారు ఈ ఆచారాన్ని అమెరికాకు కొనిపోయినారు. కాబట్టి ఆ దేశాలలో భయానక కథకు ఈ ఋతువు పుట్టినిల్లు వంటిది.

ఇట్టి కథలలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనవి మూడు. ఏటేటా చదువగా చదువగా వానిలో ఒక విశేషం కనబడింది. మూడింటిలోను ఎవరో ఒకరు పుస్తకం చదువుతూ ఉంటారు.

మొదటిది 1820లో వాషింగ్టన్ ఇర్వింగ్ ప్రకటించిన 'స్లీపీ హాలో' కథ. అమెరికాలో హడ్సన్ నది చెంత ఒక లోయ; అందులో ఇకబాడ్ క్రేన్ అనే బడిపంతులు. బడి వదలిన తరువాత సెలయేటి ఒడ్డున పచ్చికమీద పడుకొని, మంత్రగత్తెల గూర్చిన పాత పుస్తకాన్ని అక్షరాలు కనబడనంత వరకు చదవడం అతని వ్యసనం. ఆ మీదట చీకటిలో ఒంటరిగా ఇల్లు చేరవలెను గదా! గుడ్లగూబ కూసినా, మిణుగురు మెరసినా ప్రాణాలు పైకి లేచిపోయేవి. ఒక శరద్రాత్రి విందు నుండి తిరిగివస్తూండగా తలలేని రౌతు ఒకడు వెంటబడి, చేతనున్న తలను అతనిపై విసురుతాడు. మరునాడు పంతులు లేడు. అతని టోపీ, దాని ప్రక్కన పగిలిన గుమ్మడికాయ మాత్రం దొరకినవి. వచ్చినది దయ్యమో, పంతులు వలచిన పిల్లనే కోరిన మరొక యువకుని కొంటెతనమో ఇర్వింగ్ తేల్చి చెప్పడు. గుమ్మడికాయ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆ యువకుడు పగలబడి నవ్వేవాడని మాత్రం చెబుతాడు. పంతులును ఊరు దాటించినది సగం ఆ రౌతు, సగం అతడు చదివిన పుస్తకం.

రెండవది 1839లో ఎడ్గార్ ఆలన్ పో వ్రాసిన 'అషర్ వంశపు భవనం కూలుట'. మబ్బు కమ్మిన శరత్కాలపు దినాన ఒకడు గుర్రంమీద వచ్చి చిన్ననాటి మిత్రుని పాత భవంతిలో దిగుతాడు. మిత్రుడు మనోవ్యాధిగ్రస్తుడు. అతని సోదరి చనిపోగా పెట్టెలో ఉంచి నేలమాళిగకు చేర్చినారు. ఒక గాలివాన రాత్రి మిత్రుని మనస్సు మళ్లించడానికి అతడొక వీరుని కథ చదివి వినిపిస్తాడు. పుస్తకంలో వీరుడు తలుపు బద్దలు కొట్టినచోట ఇంట్లో ఎక్కడో చెక్క విరిగిన చప్పుడు! ఘోరసర్పం అరచినచోట అరుపు! డాలు నేలమీద పడినచోట లోహపు మ్రోత! విద్యార్థి దశలో, కరెంటు పోయిన ఒక రాత్రి, కొవ్వొత్తి వెలుగున ఈ ఘట్టాన్ని నా గది మిత్రునికి చదివి వినిపిస్తున్నాను. సరిగా డాలు పడే వాక్యం దగ్గర క్రింది అంతస్తులో ఎవరి చేతినుండో కంచం జారిపడింది. మేమిద్దరం తెల్లవారేవరకు నిద్రపోలేదు. చిన్నకథను ఏకబిగిన చదివి ముగించగలగాలని 1842లో ఒక సమీక్షలో పో అభిప్రాయపడినాడు. ఆ మాట విలువ ఆ రాత్రి తెలిసింది.

మూడవది మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1815 ఏప్రిల్‌లో నేటి ఇండోనీషియాలోని తాంబోరా అగ్నిపర్వతం పేలగా, మరుసటి ఏడు యూరపులో వేసవి వేసవిగా లేకపోయింది. జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇల్లు కదలలేక, బైరన్ కవి, షెల్లీ, మేరీ మొదలగువారు ఫ్రెంచిలోకి అనువదింపబడిన జర్మను దయ్యాల కథలు చదువుకొన్నారు. మనలో ప్రతివారూ ఒకటి వ్రాద్దామని బైరన్ అన్నాడు. అప్పటికి మేరీకి 18 ఏండ్లు. ఆమె నవల 1818లో వెలువడింది. అందులో శాస్త్రజ్ఞుడు సృష్టించిన ఆ వికృతజీవి కన్ను తెరచినది ఒక నవంబరు రాత్రి.

ఆ జీవి కూడా చదువరియే. ఒక కుటీరం గోడ సందునుండి పాఠాలు విని భాష నేర్చుకొంటాడు. అడవిలో దొరకిన తోలుసంచిలోని మిల్టన్ కావ్యాన్ని, ప్లూటార్కు జీవితచరిత్రలను, గేటే నవలను చదువుతాడు. ఆదామును సృష్టించినవాడు అతనిని ఆదరించినాడు; తనను సృష్టించినవాడు తనను చూచి పారిపోయినాడు. ఆ సంగతి అతనికి పుస్తకం వలననే బోధపడింది. చెప్పుకొనడానికి ఎదుట ఒక్క మనిషి లేడు.

పడుచుతనంలో ఈ నవలను భయం కొరకే చదివినాను. మా తండ్రిగారు కాలం చేసిన ఏడు శరత్తులో మరల తెరచినాను. మేరీ మొదటి బిడ్డ 1815లో పుట్టి రెండు వారాలైనా బ్రదకలేదు. బిడ్డ చనిపోలేదనీ, చల్లబడిందంతేననీ, నెగడు ముందు రుద్దగా లేచిందనీ కల వచ్చినట్లు ఆమె దినచర్యలో వ్రాసుకొన్నది. ఆ సంగతి ఎరిగి చదివితే ఆ నవంబరు రాత్రి వేరుగా కనబడుతుంది. పోయినవారు ఒక్కమారు కన్ను తెరచిన చాలునని కోరుకొనని ఇల్లున్నదా? ఆ కోరికను పగలు పైకి చెప్పుకోలేము. భయానక కథ రాత్రివేళ మన పక్షాన చెబుతుంది.

అందుచేత ఇట్టి కథను మొదట ఒంటరిగా, తరువాత నలుగురిలో చదవడం నా పద్ధతి. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల పండితుడు ఎం. ఆర్. జేమ్స్ తన దయ్యాల కథలను క్రిస్మస్ దినాలలో కొవ్వొత్తి వెలుగున మిత్రులకు చదివి వినిపించేవాడు. 1904లో అవి సంపుటంగా వచ్చినవి. భయం పంచుకొన్నకొద్దీ వినోదమవుతుందని ఆయనకు తెలుసు.

మా ఇంట ఇప్పుడు కార్తిక సాయంకాలాలలో పుస్తకం తెమ్మని అడిగేది ఒకనాడు విసుగుకొన్న ఇంటివారే. మీరును ప్రయత్నించవచ్చును. పిల్లలున్న ఇంట ఇర్వింగుతో మొదలుపెట్టండి. పో కథను పెద్దలకు ఉంచండి. 'ఫ్రాంకెన్‌స్టైన్' రోజుకొక అధ్యాయం చాలు. తలలేని రౌతు కథ ముగిసిన రాత్రి మాత్రం పిల్లలను పెరటిలోకి ఒంటరిగా పంపకండి. మీరూ తోడు వెళ్లండి.