గ్వాటెమాలాలో సామాన్య యాత్రికుడు

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, దారి పొడవునా తాను మజిలీ చేసిన ఊళ్ళను, అక్కడ దొరికే వస్తువులను, దాటిన నదులను పూసగుచ్చినట్లు వ్రాసి పెట్టాడు. హైదరాబాదులో పుట్టిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837లో ఇంగ్లండుకు వెళ్ళి, తన ప్రయాణాన్ని ఉర్దూలో గ్రంథస్థం చేశాడు. 1847లో అచ్చయిన ఆ గ్రంథం ఉర్దూ యాత్రా సాహిత్యానికి ఆరంభంగా పేరు పొందినది. మన కళాశాలలో వినిపించే రెండు భాషలకూ ఈ విధంగా యాత్రా రచనలో పాత చుట్టరికం ఉన్నది. వీరాస్వామయ్య గ్రంథంలో నాకు మిక్కిలి నచ్చిన గుణం ఒకటే. తాను చూచిన వింతలను చెప్పి ఊరుకోక, తన తరువాత వచ్చేవానికి దారి చెప్పడం.

ఒకనాడు తరగతిలో గోడమీది ప్రపంచ పటం చూపిస్తూ మధ్య అమెరికా దేశాల పేర్లు చదివిస్తున్నాను. వెనుక బల్లమీది విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఈ దేశాల పేర్లు నేర్చుకొని మాకేం లాభం? మేము అక్కడికి పోయేదా, వచ్చేదా?" అని అడిగాడు. అతని తండ్రి ఆటో నడుపుతాడని నాకు తెలుసు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ దేశంలో నేను అడుగు పెట్టినవాడను కాను. కాని ఆ సాయంత్రం మొదలుకొని గ్వాటెమాలాను గూర్చి చదివిన కొద్దీ, డబ్బున్నవాని కన్నా బస్సులలో తిరగడం తెలిసిన సామాన్యునికే ఆ దేశం బాగా అర్థమవుతుందని నాకు తోచినది. ఆ చదివినదాని సారాంశమే ఈ వ్యాసం.

దేశ స్వరూపం

గ్వాటెమాలా మెక్సికోకు దక్షిణాన ఉన్నది. వైశాల్యం 1,08,889 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణ రాష్ట్రం కన్నా కొంచెం చిన్నది. పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కరేబియన్ సముద్రం. నడుమ అగ్నిపర్వతాలతో కూడిన ఎత్తైన భూములు, ఉత్తరాన పెతెన్ అనే దట్టమైన అరణ్య ప్రాంతం. రాజధాని గ్వాటెమాలా నగరం సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. పటంలో చేతికందేంత దూరంగా కనిపించే ఊరికి కొండదారిలో చేరడానికి సగం రోజు పట్టవచ్చు. కనుక అక్కడ ప్రయాణాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో లెక్కించాలి. యాత్రికుడు నేర్వవలసిన మొదటి పాఠం ఇదే.

ఆ దేశంలో నేడు ప్రయాణీకుల రైళ్ళు లేవు. రాజధాని నుండి కరేబియన్ తీరంలోని ప్యూర్తో బారియోస్ రేవు వరకు రైలుమార్గం 1908లో పూర్తయినది. చాలాకాలం ఆ రైలు అరటి వ్యాపారం చేసే అమెరికా కంపెనీ ప్రాబల్యం క్రింద ఉండెడిది. ఆ గుత్తాధిపత్యాన్ని విరవడానికే అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్ ప్రభుత్వం 1950ల ఆరంభంలో రైలుకు పోటీగా సముద్రతీరానికి రహదారి తలపెట్టినది. 1954లో ఆ ప్రభుత్వం కూలద్రోయబడినది. రహదారి మాత్రం తరువాత పూర్తయినది, రైలు క్రమంగా క్షీణించి మూతబడినది. ఆ విధంగా దేశమంతా బస్సు మీద ఆధారపడినది.

అంతకు ముందటి రోడ్ల కథ ఇంకా బాధాకరమైనది. హోర్హె ఉబీకో అనే నియంత 1931 నుండి 1944 వరకు పాలించాడు. అతని చట్టం ప్రకారం ప్రతి పురుషుడు ఏటా కొన్ని రోజులు కూలి లేకుండా రోడ్డు పని చేయాలి, లేదా పన్ను కట్టాలి. కట్టలేని మాయా రైతులే రాళ్ళు మోశారు. తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. యాత్రికుడు హాయిగా సాగిపోయే ఆ దారుల క్రింద ఇటువంటి వెట్టి ఉన్నదని మరువరాదు.

బస్సు అనే పాఠశాల

ఆ దేశపు సామాన్యుని వాహనం పేరు "కమియోనేత". ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బడిపిల్లలను తీసుకొనిపోయిన పసుపుపచ్చని పాత బస్సు. అక్కడ వయసు మీరినదని వేలం వేస్తారు. కొన్నవారు దానిని మెక్సికో మీదుగా నడుపుకొని వస్తారు. గ్వాటెమాలా షెడ్లలో దానికి కొత్త జన్మ ప్రారంభమవుతుంది. కొండలెక్కడానికి తగినట్లు ఇంజను, గేర్లు మారుస్తారు, పైకప్పు మీద సామాన్లకు ఇనుప చట్రం బిగిస్తారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వేసి తళతళలాడే లోహపు రేకులు తాపుతారు. నుదుట ఒక స్త్రీ పేరో, భక్తి వాక్యమో వ్రాస్తారు. మన లారీల ముందు వెనుకల వ్రాతలు చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఈ బస్సులో టిక్కెట్టు పుస్తకం ఉండదు, అచ్చువేసిన సమయ పట్టిక ఉండదు. డ్రైవరుకు తోడుగా "అయుదాంతె" అనే సహాయకుడు ఉంటాడు. మన కండక్టరు, క్లీనరు ఇద్దరూ కలిసి ఒక్క మనిషి అయితే అతడే అయుదాంతె. తలుపు వద్ద వేలాడుతూ ఊరి పేరు కేకవేయడం, మూటలు పైకెక్కించడం, బస్సు కదిలిన తరువాత ఇరుకులో దూరి డబ్బు వసూలు చేయడం అతని పనులు. ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎవరు ఇచ్చారు, ఎవరికి చిల్లర రావాలి అన్నది అంతా అతని జ్ఞాపకంలోనే. పిల్లల కోసం చేసిన సీటులో పెద్దలు ముగ్గురు కూర్చుంటారు. మూడవవాడు సగం గాలిలోనే కూర్చొని, నడవకు అవతలి సీటులోని మూడవవాని భుజానికి ఆనుకుంటాడు.

యాత్రికుడు పాటించవలసిన నియమాలు కొన్ని కలవు. బస్సులు తెల్లవారుజామున మొదలై, మధ్యాహ్నం దాటిన కొద్దీ తగ్గిపోతాయి గనుక ఉదయమే బయలుదేరాలి. ఛార్జీ ఎంతో పక్కవారిని ముందే అడిగి, సరిపడా చిల్లర చేతిలో ఉంచుకోవాలి. విలువైన కాగితాలున్న సంచి పైకప్పుకు పంపరాదు. అనేక పట్టణాలలో బస్సులు సంతకు దగ్గరలోనే ఆగుతాయి. సంత రోజున బస్సులు ఎక్కువ, రద్దీ కూడ ఎక్కువ. చిచికాస్తెనాంగోలో గురువారం, ఆదివారం పెద్ద సంత జరుగుతుంది.

దారి మలుపు తెలిసినవానికి పటం సగం తెలిసినట్లే. రాజధాని నుండి చిమల్తెనాంగో మీదుగా పడమటికి పోయే అంతర అమెరికా రహదారిపై "లోస్ ఎన్‌క్వెంత్రోస్" అనే కూడలి ఉన్నది. ఆ పేరుకు కలయికలు అని అర్థం. అక్కడ దిగి ఉత్తరానికి మారితే చిచికాస్తెనాంగో, దక్షిణానికి మారితే సొలొలా, అతిత్లాన్ సరస్సు. దిగకుండా ముందుకు సాగితే 2,330 మీటర్ల ఎత్తునున్న కెత్సాల్తెనాంగో. ఆ నగరాన్ని జనులు "షేలా" అని పిలుస్తారు. అయుదాంతె కేక కూడ "షేలా, షేలా" అనే వినవస్తుంది గనుక పాత పేరు తెలియనివాడు బస్సు తప్పిపోతాడు. రాత్రివేళ అక్కడ చలి గట్టిగా ఉంటుంది. ఉష్ణమండల దేశమని శాలువా తీసుకొనిపోకపోతే చిక్కే.

చిరునామా చదువుట

రాజధానికి మన మహాత్మాగాంధీ బస్ స్టేషను వంటి ఒకే పెద్ద బస్ స్టాండు లేదు. పోయే దిక్కును బట్టి బస్సులు వేర్వేరు చోట్ల నుండి బయలుదేరుతాయి. కనుక చిరునామా చదవడం తెలియాలి. నగరం అంకెలు గల మండలాలుగా విభజింపబడినది, వాటిని "సోనా" అంటారు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధి "అవెనీదా", తూర్పు పడమరలుగా పోయేది "కాయె". "6 అవెనీదా 12-34, సోనా 1" అని ఉన్నదనుకొందాం. ఆరవ అవెనీదాలో, పన్నెండవ కాయె దాటిన తరువాత, 34 సంఖ్య గల ఇల్లు అని అర్థం. చివరి సోనా సంఖ్య చెప్పకపోతే చిరునామాకు విలువ లేదు. అదే వీధి సంఖ్యలు మరొక సోనాలో కూడ ఉంటాయి. ఎడమవైపు వేప చెట్టు, కుడివైపు కిరాణా దుకాణం అంటూ ఇల్లు వెదికే మనకు ఈ లెక్క తొలుత కఠినంగా తోచినా, ఒకసారి అర్థమైతే ఎవరినీ అడగనక్కరలేదు.

నీటిదారి, అడవిదారి

అతిత్లాన్ సరస్సు 300 మీటర్లకు మించిన లోతు గలది, మూడు అగ్నిపర్వతాల నడుమ ఉన్నది. ఒడ్డునున్న పానహచెల్ నుండి శాన్ పెద్రో, శాంతియాగో అతిత్లాన్ మొదలైన గ్రామాలకు "లాంచా" అనే మోటారు పడవలు పోతాయి. అవి నిండినప్పుడే కదులుతాయి. మధ్యాహ్నం దాటగానే "షొకోమిల్" అనే గాలి లేచి నీటిని కల్లోలపరుస్తుంది. అందుచేత తెలిసినవారు ఉదయమే సరస్సు దాటుతారు. తూర్పున కరేబియన్ తీరంలోని లివింగ్‌స్టన్‌కు కూడ యాత్రికులు ప్యూర్తో బారియోస్ నుండి గాని, రియో దుల్సె నది మీదుగా గాని పడవలోనే చేరుతారు. ఆఫ్రికా, కరేబియన్ మూలాలు గల గరీఫునా ప్రజలు అక్కడ నివసిస్తున్నారు.

ఉత్తరాన తికాల్ ఉన్నది. అడవి నడుమ మాయా జాతి నిర్మించిన ఆ నగరాన్ని యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. రాజధాని నుండి పెద్ద బస్సులో రాత్రంతా ప్రయాణించి సాంతా ఎలేనా చేరాలి. అక్కడ సరస్సులోని ద్వీపంపై ఫ్లోరెస్ పట్టణం ఉన్నది. చివరి మాయా రాజ్యం ఆ ద్వీపం మీదనే 1697లో స్పెయిన్ వారి వశమైనది. అక్కడి నుండి తికాల్ సుమారు 65 కిలోమీటర్లు. చిన్న వ్యానులు పోతాయి.

భయమూ, వివేకమూ

ఈ దేశాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు భయాన్ని దాచరాదు, పెంచనూ రాదు. 1960 నుండి 1996 వరకు అక్కడ అంతర్యుద్ధం జరిగినది. సత్య నిర్ధారణ సంఘం 1999లో వెలువరించిన నివేదిక ప్రకారం 2 లక్షల మందికి పైగా మరణించారు లేదా మాయమయ్యారు. గుర్తింపబడిన మృతులలో నూటికి 83 మంది మాయా జాతివారు. ఆ కాలంలో సైనికులు దారిలో బస్సు ఆపారంటే ప్రయాణీకుల గుండెలు ఆగేవి.

యుద్ధం ముగిసినా బస్సు డ్రైవరుకు శాంతి లభించలేదు. ముఠాలు ప్రతి బస్సు నుండి మామూళ్ళు వసూలు చేయసాగాయి. ఇవ్వనివారిని కాల్చివేశారు. ఆ విధంగా అనేకమంది డ్రైవర్లు, సహాయకులు రాజధానిలో ప్రాణాలు కోల్పోయారు. నగరపాలక సంస్థ 2007లో ప్రత్యేక మార్గాలు గల ట్రాన్స్‌మెత్రో బస్సులను ప్రవేశపెట్టినది. 2010లో మరికొన్ని నగర బస్సులలో డ్రైవరు చేతికి నగదు రాకుండా ముందే చెల్లించే కార్డుల పద్ధతి వచ్చినది. రంగుల బస్సును ఫోటో తీసి ముచ్చటపడే విదేశీయునికి, అది నడిపేవాడు ఏ భయంతో ఇల్లు విడిచి వస్తున్నాడో కనిపించదు. తక్కువ ఛార్జీ అని మనం సంతోషించే ప్రయాణానికి మిగతా వెల మరొకరు చెల్లిస్తున్నారు.

అందుచేత వివేకవంతుడు రాజధానిలోని పాత నగర బస్సులు ఎక్కడు. చీకటి పడిన తరువాత కొండదారుల బస్సులలో తిరగడు. తెలియని ప్రాంతానికి పోయేముందు బస చేసిన చోట విచారిస్తాడు. దూర ప్రయాణాలకు "పుల్మన్" అనే మెరుగైన బస్సులు, యాత్రికుల వ్యానులు ఉన్నాయి. అవసరమైన చోట వాటికి ఎక్కువ చెల్లించడం పిసినారితనం కన్నా మేలు. మే నుండి అక్టోబరు వరకు వర్షాలలో కొండచరియలు విరిగి దారులు మూసుకొనిపోతాయి. నవంబరు నుండి ఏప్రిల్ వరకు ప్రయాణానికి అనుకూలం.

గ్వాటెమాలా, ఎల్ సాల్వదోర్, హోండురాస్, నికరాగ్వా దేశాల నడుమ 2006 నాటి ఒప్పందం వలన సాధారణంగా యాత్రికునికి ఈ నాలుగింటిలో కలిపి 90 రోజుల గడువు లెక్కింపబడుతుంది. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరేముందు న్యూఢిల్లీలోని ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. దారిలో విమానం మారే దేశపు అనుమతి సంగతి కూడ తెలుసుకోవాలి.

మాట, మర్యాద

స్పానిష్ అధికార భాష. దానితోబాటు 22 మాయా భాషలు ఉన్నాయి. బస్సు ఎక్కేటప్పుడు "బ్వేనోస్ దీయాస్" అని పలకరించడం అక్కడి మర్యాద. "క్వాంతో" అంటే ఎంత, "దోందె" అంటే ఎక్కడ, "గ్రాసియాస్" అంటే కృతజ్ఞతలు. కిచె భాష మాట్లాడే ఊరిలో "మల్త్యోష్" అని కృతజ్ఞత తెలిపితే అమ్మే అవ్వ ముఖం విప్పారుతుంది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో మరొక భాషతో పెరిగిన మన విద్యార్థులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తన ఇంటి భాషలో ఒక్క మాట పరాయివాని నోట వింటే కలిగే ఆనందం మనకు తెలియనిది కాదు. అనుమతి లేకుండా ముఖ్యంగా పిల్లలను, ప్రార్థన చేసేవారిని ఫోటో తీయరాదు. నేతవస్త్రాన్ని బేరమాడవచ్చును గాని, దాని వెనుక ఎన్ని వారాల చేతిపని ఉన్నదో ఊహించి బేరమాడాలి.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. గ్వాటెమాలా చిన్న పట్టణాల ఇరుకు వీధులలో జనులు ఎక్కి తిరిగే మూడు చక్రాల బండిని "తుక్ తుక్" అంటారు. అది మరేదో కాదు, మన దేశంలో తయారై ఓడలలో వెళ్ళిన బజాజ్ ఆటో! అతిత్లాన్ ఒడ్డున ఒక డ్రైవరు ఈ క్షణాన అదే హ్యాండిల్ తిప్పుతూ, అదే హారను మ్రోగిస్తూ ఉంటాడు. మనం పోని దేశానికి మన బండి ఏనాడో పోయినది.

మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పాను. ఆ విద్యార్థి చాలాసేపు పటం వైపు చూచి, "సార్, మరి అక్కడ మీటరు వేస్తారా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. వేయరనీ, ఎక్కేముందే ఎంత అని అడిగి ఒప్పుకోవాలనీ చెప్పాను. "అయితే మా నాయినకు అక్కడ ఇబ్బంది లేదు" అన్నాడు. ఆ రోజు నుండి అతనికి ఆ దేశం పటంలో వెదకవలసిన అవసరం రాలేదు.