ఒక్క వ్యాగన్ సరుకు రైలెక్కేదెలా?

ఊరి స్టేషన్‌లో ఓ పక్కగా గూడ్సు షెడ్డు. దాని ముందు ఒకే ఒక్క వ్యాగన్. ఎడ్లబండ్ల మీద వచ్చిన బెల్లం దిమ్మలో, మిరప బస్తాలో అందులోకి ఎక్కించేవారు. తలుపు వేసి, సీలు కొట్టి, వ్యాగన్ పక్కనున్న క్లిప్పులో ఒక చీటీ పెట్టేవారు. చీటీ మీద సరుకు చేరవలసిన స్టేషన్ పేరు ఉండేది. సరుకు వేసినాయన రైల్వే రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లేవాడు.

1970 దశకం వరకు రైలు దారి పక్క పల్లెలకు ఇది బాగా అలవాటైన దృశ్యం. నాలుగు చక్రాల మూత వ్యాగన్‌లో సుమారు 22 టన్నులు పట్టేది. ఆ మాత్రం సరుకు ఉంటే చాలు, దేశంలో ఏ మూలకైనా పంపవచ్చు. ఆ ఒంటి వ్యాగన్‌ను గమ్యానికి చేర్చిన ఏర్పాటే మార్షలింగ్ యార్డు.

ఉత్తరాలు విడదీసినట్టే

తపాలా ఆఫీసులో ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసి సంచులు కడతారు. యార్డులో జరిగే పనీ అదే. విశాఖపట్నంలోని వాల్తేరు యార్డు, మద్రాసులోని తొండియార్‌పేట యార్డు, ఆసియాలోకెల్లా పెద్దదని పేరుపొందిన మొఘల్‌సరాయి యార్డు ఇందుకోసం వెలసినవే.

పెద్ద యార్డులో మూడు భాగాలుంటాయి. వచ్చిన గూడ్సు బండి ముందుగా రాక లైన్లలో ఆగుతుంది. అక్కడ ఇంజను విడిపోతుంది. సిబ్బంది ప్రతి వ్యాగన్ చీటీ చదివి, ఏది ఏ లైనుకు పోవాలో జాబితా రాస్తారు. రెండవది, వ్యాగన్లను విడదీసే లైన్ల గుంపు. ఒక్కో దిక్కుకు ఒక్కో లైను. మూడవది పోక లైన్లు. కొత్తగా కూర్చిన బండికి ఇంజను, బ్రేకు వ్యాను తగిలించి, బ్రేకులు పరీక్షించి ఇక్కడి నుంచే పంపుతారు.

మొదటి రెండు భాగాల నడుమ మట్టిదిబ్బలాంటి ఎత్తు ఉంటుంది. దాన్ని హంప్ అంటారు. ఇంజను వెనుకనుంచి బండిని మెల్లగా దిబ్బ మీదికి నెడుతుంది. నెత్తిమీదికి రాగానే లంకె విప్పుతారు. వ్యాగన్ తన బరువుతోనే అవతలికి దొర్లిపోతుంది. క్యాబిన్‌లోని మనిషి పాయింట్లు మార్చి దాన్ని సరైన లైనులోకి మళ్లిస్తాడు. మొదటి పాయింటును కింగ్ అని, తర్వాతి వాటిని క్వీన్, జాక్ అని పేకముక్కల పేర్లతో రైల్వేవారు పిలుస్తారు.

దొర్లే వ్యాగన్‌ను అదుపు చేయడమే కష్టమైన పని. వేగం చాలకపోతే దారిలోనే ఆగిపోతుంది. ఎక్కువైతే ముందున్న వాటిని గుద్దుతుంది. కొన్నిచోట్ల చక్రాలను ఇరుపక్కల నుంచి నొక్కిపట్టే రిటార్డర్లు ఉండేవి. మిగతా చోట్ల కార్మికులు పట్టాల మీద ఇనుప స్కిడ్లు పెట్టి ఆపేవారు. రాత్రనక, వాననక ప్రాణాలకు తెగించి చేసే పని అది. పశువులు, పేలుడు సామగ్రి ఉన్న వ్యాగన్లను మాత్రం ఇలా వదలరు.

యార్డులోనే రోజులు

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. ఒకే దిక్కుకు పోయే వ్యాగన్లు బండెడు పోగయ్యేదాకా మొదట వచ్చినది కాచుకుని ఉండాలి. తర్వాతి యార్డులో మళ్లీ అదే తంతు. 1980-81లో ఒక వ్యాగన్ సరుకు ఎక్కించుకుని, దించి, మళ్లీ ఎక్కించుకోవడానికి సగటున 15 రోజులు పట్టేది. ఆ కాలంలో ఎక్కువ భాగం నిలబడి ఉండడమే.

దాంతో 1980 దశకంలో రైల్వేలు దారి మార్చుకున్నాయి. ఒకచోట బండి నిండా నింపి, నడుమ విడదీయకుండా మరోచోట దించే పద్ధతికి వచ్చాయి. బొగ్గు, ముడి ఇనుము, సిమెంటు, ఎరువులు అలా కదిలాయి. 2010-11 నాటికి 15 రోజులు సుమారు 5 రోజులకు దిగాయి. రైల్వేలకు అది గొప్ప మేలు. యార్డుల్లో విడదీసే పని తగ్గి, చాలా లైన్లు బండ్లను నిలపడానికి, తనిఖీకి మిగిలాయి. మొఘల్‌సరాయి స్టేషన్‌కు 2018లో పండిత దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు కూడా మారింది.

నష్టపోయినవాడు ఒంటి వ్యాగన్ ఆసామి. బండెడు సరుకు అతని దగ్గర ఎక్కడిది? అతను లారీ వెతుక్కున్నాడు. 1951లో దేశంలో సరుకు రవాణాలో ఐదింట నాలుగు వంతులకు పైగా రైలుదే. నేడు మూడో వంతు కూడా లేదు.

ఒంటి వ్యాగన్ల పద్ధతి లోకంలో అంతటా పోలేదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని బెయిలీ యార్డు సుమారు 13 కిలోమీటర్ల పొడవున ఉంది. 34 అడుగుల ఎత్తున ఒకటి, 20 అడుగుల ఎత్తున మరొకటి, రెండు హంపులతో దాన్ని కట్టారు. విడదీసే లైన్లే 114. పాయింట్లను, రిటార్డర్లను కంప్యూటరే నడుపుతుంది.

గుంటూరు మిర్చి చెప్పిన పాఠం

2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు 16 పార్సెల్ వ్యాన్లలో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. గూడ్సు బండి కావాలంటే 1500 టన్నులకు పైగా కూడగట్టాలి. అది రైతులవల్ల, వ్యాపారులవల్ల కాలేదు. 500 టన్నుల లోపు సరుకుకూ ప్రత్యేక పార్సెల్ బండి నడిపేసరికి మిర్చి కదిలింది. అదే ఏడు సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరింది. అందులో రైతు కొద్దిపాటి సరుకైనా బుక్ చేసుకోగలిగాడు.

పాత యార్డులు మళ్లీ పూర్వంలా పనిచేయకపోవచ్చు. కానీ అవి తీర్చిన అవసరం తీరిపోలేదు. పదిమంది రైతుల సరుకును ఒకచోట పోగుచేసేవారుండి, దానికి సరిపడే చిన్న బండి దొరికితే, పల్లె సరుకు మళ్లీ రైలెక్కుతుంది.