వక్ఫ్ ఆస్తికి కాగితమే కావలి



మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. వక్ఫ్ కూడా అంతే. అల్లాహ్ పేరున ఒకసారి వక్ఫ్ చేసిన భూమిని అమ్మకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని రాబడి మస్జిదుకో, ఖబరస్తాన్‌కో, పేదలకో చేరాలి. అలాంటి ఆస్తి చేయి జారేది ఎక్కువగా కాగితాల దగ్గరే. మన రాష్ట్రంలో జరిగిన రెండు సంగతులు చూద్దాం.

హైదరాబాద్ పక్కన మణికొండ జాగీర్‌లో హజరత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. 1989 గెజిట్‌లో దర్గా కింద చూపింది 5,506 చదరపు గజాలే. చుట్టూ ఉన్న భూములను ప్రభుత్వం కంపెనీలకు, సంస్థలకు కేటాయిస్తూ పోయింది. 1,654 ఎకరాల 32 గుంటలూ వక్ఫేనని బోర్డు సవరణ గెజిట్ ఇచ్చింది 2006లో. 2012లో హైకోర్టు బోర్డు పక్షాన నిలిచినా, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని, భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది. విచారణ జరిపి మొదటే సరిగా రాయించుకోని హక్కును తర్వాత నిలబెట్టడం ఎంత కష్టమో ఈ తీర్పు చెబుతుంది.

రెండోది 2017 నవంబరు నాటిది. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ప్రభుత్వం సీలు వేయించింది. అవకతవకలు జరిగాయని కారణం చెప్పింది. అనుమానం ఉంటే తనిఖీ చేయించాల్సిందే. కానీ ఆ తాళం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. అసలు పత్రం గదిలో ఉంటే కోర్టులో ఏం చూపాలి? ఆక్రమించినవారికి కావలసింది ఆలస్యమే.

తప్పు పాలకులది మాత్రమే అనుకోవద్దు. లెక్క చెప్పని ముతవల్లీలు, అడగని మనమూ భాగస్థులమే. 2013 సవరణ ప్రకారం వక్ఫ్ భూమి అమ్మకం చెల్లదు, అక్రమంగా బదిలీ చేసినవారికి రెండేళ్ల దాకా జైలు. అయితే ఫిర్యాదు చేసేవారు, పత్రం చూపేవారు ఉంటేనే చట్టం కదులుతుంది.

అందుకే మన పెద్దేముల్ మండలంలో ప్రతి మస్జిదు, ఈద్గా, ఖబరస్తాన్‌కు సంబంధించిన గెజిట్ నకలు, పహాణీ, సర్వే నంబరు, హద్దులు ఒక ఫైలులో ఉండాలని కోరుతున్నాం. లేకుంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మండల కార్యాలయంలో 5 రూపాయలు, వక్ఫ్ బోర్డులో 10 రూపాయలు రుసుము. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మా లెక్కలూ అలాగే అడగండి. అడిగే దాతే అమానత్‌కు అసలైన కాపలాదారు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.